ఉన్నత పాఠశాలలు - సర్కారు గ్రాంటు

గ్రాంటు అను నింగ్లీషు మాట మన తెలుగు బడులలోనికి వచ్చి నూటయేబది యేండ్లు దాటినది. ఉపాధ్యాయునకు అది జీతము వచ్చు త్రోవ. యాజమాన్యమువారికి అది లెక్కల పుస్తకము. పిల్లవాని తల్లిదండ్రులకు మాత్రము అదియేమో తెలియదు. తెలిసికొనవలసిన యక్కర యున్నదని వారికి ఎవ్వరును జెప్పలేదు. అయినను ఒక్క వీధిలో నున్న రెండు ఉన్నత పాఠశాలలలో ఒకదానియందు ప్రయోగశాలయు, రెండవదానియందు పగిలిన నల్లబల్లయు నుండుటకు గల కారణము చాలవఱకు ఈ గ్రాంటు నిబంధనలలోనే యున్నది. పన్ను చెల్లించు ప్రజ ఒక్కటే. ఆ పన్ను మరల పిల్లవాని యొద్దకు వచ్చు త్రోవలు మాత్రము పలువిధములు. జిల్లాపరిషత్తు బడికొకటి, పురపాలక సంఘపు బడికొకటి, గురుకులమునకొకటి, ఎయిడెడ్ బడికొకటి. ఈ త్రోవలు ఎట్లేర్పడినవో తెలిసికొన్నగాని యిప్పటి తగవులలో న్యాయము ఎటనున్నదో తేల్పరాదు.

విద్యకు రాజసహాయము మనకు క్రొత్త కాదు. వేదవిదులకును శాస్త్రవేత్తలకును అగ్రహారములు, మాన్యములు ఇచ్చుట పూర్వరాజుల యాచారము. సహాయము భూమిరూపమున నుండుటచేత దానిని ఏటేట అడుగవలసిన పనియు, తనిఖీదారునకు చూపవలసిన లెక్కయు లేకుండెను. ఆ మాన్యములు కొన్ని కులములవారికే అందినవను మాటను దాచుట తగదు. వర్తకుని కొడుకును, కాపుకొడుకును చదువుకొన్న వీధిబడులు తల్లిదండ్రులిచ్చు ధాన్యముతోను కాసులతోను నడచినవి.

1822లో చెన్నపట్టణపు గవర్నరగు సర్ తామస్ మన్రో, జిల్లాలలోని బడుల లెక్క వ్రాసి పంపుడని కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. బళ్లారి కలెక్టరగు కాంబెల్ 1823లో పంపిన నివేదిక నేటికిని చదువదగినది. తన జిల్లాలో 533 బడులు గలవనియు, వానిలో ఒక్కటియైనను సర్కారు సహాయము పొందుటలేదని చెప్పుటకు సిగ్గుపడుచున్నాననియు ఆతడు వ్రాసెను. జనులు పేదలగుటయు, పూర్వప్రభువుల నాటి యాదరణ తప్పిపోవుటయు చదువు క్షీణించుటకు కారణములని యాతని మతము. కుంపిణీ జీతము తినువాడు కుంపిణీ తప్పును కాగితముపై నిట్లు పెట్టుట అరుదు. అన్ని జిల్లాల లెక్కలును చేరినపిమ్మట, 1826 మార్చిలో మన్రో రాజధానియందు 12,498 బడులును, లక్షా యెనుబదియెనిమిదివేలకు మించిన విద్యార్థులును గలరని తేల్చి, ప్రతి జిల్లాయందును సర్కారు బడులు పెట్టవలెనని ప్రతిపాదించెను. కలెక్టరేటు బడి యుపాధ్యాయునకు నెలకు 15 రూపాయలు, తహశ్శీలు బడి యుపాధ్యాయునకు 9 రూపాయలు సర్కారు ఇచ్చునట్లును, తక్కినది పిల్లల రుసుములవలన వచ్చునట్లును ఆతని యేర్పాటు. మఱుసటియేట ఆతడు మన పత్తికొండలో వాంతిభేదిచే మరణించెను. పదియేండ్లలోపలనే యా ప్రయత్నమును విడిచిపెట్టిరి.

నేటి పద్ధతికి పుట్టినదినము 1854 జూలై 19. ఆనాడు కుంపిణీ డైరెక్టర్ల పేర హిందూదేశమునకు వచ్చిన విద్యా తాకీదును, దాని వెనుకనున్న సర్ చార్లెస్ వుడ్ పేరుమీద, వుడ్ తాకీదందురు. దేశమంతట బడులు పెట్టుటకు దొరతనమువారి యొద్ద చాలినంత ధనము లేదు. కాబట్టి ఇతరులు పెట్టిన బడులకు కొంత సహాయమిచ్చి చదువును వ్యాపింపజేయవలెను. ఇది యందలి ముఖ్యాంశము. మిషనరీలు పెట్టినను, జమీందారు పెట్టినను, ఊరివారు చందాలు వేసికొని పెట్టినను, మంచి లౌకికవిద్య చెప్పుచున్న బడి కెల్ల గ్రాంటు దొరకును. అందు బోధింపబడు మతముతో తనిఖీదారునకు పనిలేదు. అయితే బడికి బాధ్యతగల స్థానిక యాజమాన్యము ఉండవలెను; సర్కారు తనిఖీకి ఒప్పుకొనవలెను; పిల్లల యొద్ద కొంచెమైనను రుసుము పుచ్చుకొనవలెను. సొమ్ము ఊరకనీయక, ఉపాధ్యాయుల జీతములు, పుస్తకములు, కట్టడములు మొదలగు నిర్దిష్టములైన పనులకే యిత్తురు. ముందెప్పుడైన సర్కారు బడులనే మూసివేయుటకో స్థానికులకు అప్పగించుటకో వీలుపడునని కూడ ఆ తాకీదు ఆశపడినది.

పైకి చూచిన నిందు పక్షపాతము లేదు. అందఱికిని ఒక్కటే షరతు. కాని యీ షరతునకు లోపల నొక గణితము గలదు. ఒక పట్టణమున వకీళ్లును వర్తకులును చేరి వేయి రూపాయలు పోగుచేసిరని యనుకొందము. సర్కారు దానికి సరిగా మఱి వేయి ఇచ్చును. మన్యపుదాపున నొక పేటలో ఏబది రూపాయలు పోగగుటయే కష్టము. అచట సర్కారు ఇచ్చునదియు నేబదియే. సహాయ మెవరికి ఎక్కువ కావలయునో వారికి తక్కువయు, ఎవరికి తక్కువ చాలునో వారికి ఎక్కువయు చేరును. యాజమాన్యపు శక్తిని కొలిచి యిచ్చిన గ్రాంటు పిల్లవాని యక్కరను కొలువదు. నా యెఱిగినంతలో గ్రాంటుల చరిత్ర యంతయు ఈ యొక్క చిక్కును విప్పుటకు చేసిన యత్నములును, చేయకుండ తప్పించుకొన్న యత్నములును.

చిక్కును మొదట నొప్పుకొన్నది దొరతనమే. అయిదేండ్లు తిరుగకముందే, 1859లో, లార్డు స్టాన్లీ పంపిన తాకీదున గ్రాంటు పద్ధతి ప్రాథమిక విద్యకు పనికిరాదని వ్రాయబడినది. పల్లెజనులయొద్దకు పోయి చందాలడిగి బడి పెట్టుట జరుగని పని యనియు, ఆ విద్యకు భూమిశిస్తుపై సెస్సు వేసి సర్కారే పూనుకొనవచ్చుననియు నందు సూచింపబడినది. ఉన్నత విద్యకు మాత్రము పాత పద్ధతినే యుంచిరి. ఇందలి యభిప్రాయము స్పష్టము: ఉన్నత పాఠశాలకు వచ్చువాడు కలిగినయింటి బిడ్డ, వానికి చందాలు దొరకును. పేదవాని బిడ్డ కూడ నొకనాడు ఉన్నత పాఠశాల గడప త్రొక్కునని యెవరికిని తోచలేదు.

చెన్నరాజధానిలో గ్రాంటును ఉపాధ్యాయుల జీతములకు ముడిపెట్టిరి. ఉపాధ్యాయుడు పరీక్షలో పొందిన యోగ్యతాపత్రపు తరగతినిబట్టి వాని జీతములో నొకభాగము సర్కారు ఇచ్చును. మా వృత్తికి దీనివలన మేలు లేకపోలేదు. బడిపంతు లనువానికి పరీక్షయు, పట్టాయు, తరగతియు నేర్పడినవి. కాని పెద్ద జీతమిచ్చి పెద్ద పట్టాగలవానిని తెచ్చుకొనగల బడికే పెద్ద గ్రాంటు. అట్టి శక్తి ఆనాడు విశేషముగ మిషనరీ సంఘములకుండెను. వారికి సీమనుండి ధనమును, మనుష్యులును వచ్చుచుండిరి. మచిలీబందరులో రాబర్టు నోబిల్ 1843లోనే పాఠశాల స్థాపించి ఎందఱో తెలుగువారికి ఇంగ్లీషు చెప్పెనన్నమాట కృతజ్ఞతతో తలచుకొనవలసినదే. ఆ బడులు మంచివి గనుక గ్రాంటు వచ్చెను, గ్రాంటు వచ్చెను గనుక మఱింత మంచివయ్యెను. ఈ చక్రములోనికి వెలుపలివాడు ప్రవేశించుట యెట్లు?

బొంబాయివారు మఱియొక త్రోవ పట్టిరి. ఎందఱు పిల్లలు పరీక్ష తేఱిరో లెక్కించి, తలకింతయని యిచ్చుట. ఇది ఇంగ్లండులో 1862లో రాబర్టు లో ప్రవేశపెట్టిన పద్ధతికి తోడబుట్టినది. అచ్చట హాజరునకై తలకు 4 షిల్లింగులు; చదువు, వ్రాత, లెక్క మూడింటను తేఱిన 8 షిల్లింగులు; ఒక్కదానిలో తప్పిన 2 షిల్లింగుల 8 పెన్నీలు తగ్గింపు. చౌకయైనను కావలెను, ఫలమైనను రావలెను అను నాతని వాదము పార్లమెంటున మెప్పుపొందినది. స్వయముగ బడుల తనిఖీదారుగ నుండిన మాథ్యూ ఆర్నల్డు కవి మాత్రము దీనిని గట్టిగ నెదిర్చెను. ఫలమేమనగా, పిల్లలు పుస్తకమును కంఠస్థము చేసి తలక్రిందులుగ పట్టుకొనియు చదువగలిగిరని యప్పటివారు ఎగతాళి చేసిరి. దాదాపు ముప్పదియేండ్లు నడచి, 1890 ప్రాంతముల నది సడలినది. మన బడులలో నేటికిని శతశాత ఫలితములని ఫలకములు కట్టువారిని చూచినపుడు, రాబర్టు లో యింకను చావలేదని నాకు తోచుచుండును.

1882 ఫిబ్రవరి 3న లార్డు రిప్పన్ నియమించిన విద్యాసంఘమునకు విలియమ్ విల్సన్ హంటర్ అధ్యక్షుడు. ఉన్నత విద్యను గ్రాంటుల మూలమున నితరులకు వదలి సర్కారు క్రమముగ తప్పుకొనవలెననియు, ప్రజలు బడి పెట్టుకొనలేని జిల్లాలలో మాత్రము మేలుబంతిగ నొక్కొక్క ఉన్నత పాఠశాలను సర్కారే నడుపవచ్చుననియు నా సంఘము చెప్పినది. సర్కారు బడి తప్పుకొన్నచోట మిషనరీలు ఆ స్థానము నాక్రమింపరాదని కూడ స్పష్టము చేసిరి. సహాయము పొందు బడులు సర్కారు బడులకంటె తక్కువ రుసుము పుచ్చుకొనవచ్చుననిరి. ఆ సంఘము వ్రాసిన వానిలో నా మనస్సునకు ఎక్కువ నచ్చినది మఱియొకటి: బాలికల బడులకు బాలుర బడులకంటె సులభములైన షరతులమీద గ్రాంటు ఈయవలెననుట. అందఱికిని ఒక్కటే కొలత యన్న పట్టుదల నిచట వదలివేసిరి. వెనుకబడినవారికి వేఱుకొలత యుండుటయే న్యాయమని సర్కారు సంఘము ఒకటి ఒప్పుకొన్నది. మన యిండ్లలో అమ్మమ్మలు నాలుగక్షరములు నేర్చినారనిన, అందులో నీ వాక్యమునకును కొంత పాలు కలదు.

పిమ్మటి యిరువది యేండ్లలో దేశమునందలి ఉన్నత పాఠశాలలు, మాధ్యమిక పాఠశాలలు సుమారు 3,900 నుండి 5,100కును, విద్యార్థులు రెండులక్షల పదునాలుగువేల నుండి అయిదులక్షల తొంబదివేల వఱకును పెరిగిరి. ఈ పెరుగుదలలో ఎక్కువపాలు దేశీయులు స్వయముగ పెట్టుకొన్న బడులది. గ్రాంటు లేకున్న నింత జరిగియుండదు. దీనిని విస్మరించి గ్రాంటును తిట్టువారితో నేనేకీభవింపను.

కాని పుచ్చుకొన్న సొమ్మునకు వెల గలదు. 1905 అక్టోబరులో బంగాళాప్రభుత్వపు ప్రధాన కార్యదర్శి కార్లైల్ జిల్లాధికారులకు ఒక సర్క్యులరు పంపెను. విద్యార్థులు స్వదేశోద్యమమున పాల్గొన్నచో నా బడి గ్రాంటును, విద్యార్థివేతనములును పోవునని దాని తాత్పర్యము. మతముతో మాకు పనిలేదని 1854లో చెప్పిన చేయి, రాజకీయముతో పని గలదని యేబదియేండ్లకు చూపినది. 1907లో బిపినచంద్రపాలు రాజమహేంద్రవరమునకు వచ్చిన తరువాత, ఆ యూరి సర్కారు ట్రెయినింగు కళాశాలనుండి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వెడలగొట్టబడిరి. ఈ గాలిలోనే 1910లో మచిలీబందరున కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించి ప్రజల చందాలతో నడుపబూనిరి. స్వేచ్ఛ నిలిచినది. చందా లడుగుటకు ఊరూర తిరుగుటలో వారి యాయువు కరగినది.

నైజాము రాజ్యమున తెలుగువారి దుఃఖ మింకొక తీరుది. అచట ఉన్నతవిద్య కుర్దూయే భాష. 1928లో మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదున తెలుగు బాలికలకై పాఠశాల పెట్టినపుడు, తెలుగున ఉన్నతవిద్య చెప్పు బడికి ఆ రాజ్యమున గుర్తింపు దొరకలేదు. కడకు వారు పూనాలోని కార్వే పండితుని మహిళావిశ్వవిద్యాలయముతో సంబంధము కల్పించుకొని తమ పిల్లలచేత పరీక్షలు వ్రాయించిరి. ఇంటిపన్ను హైదరాబాదునకు, పట్టా పూనానుండి! గుర్తింపు లేని బడికి గ్రాంటు ప్రసక్తియే లేదు. ఏ బడి బడియగునో నిర్ణయించు నధికారము, ఎంత యీయవలెనో నిర్ణయించు నధికారమునకు ముందే పనిచేయునని దీనివలన తెలియును.

1950 రాజ్యాంగము ఈ పాతతగవులన్నిటిని ఎఱిగి వ్రాయబడినది. 28వ అధికరణము పూర్తిగ సర్కారు సొమ్ముతో నడచు బడిలో మతబోధ కూడదన్నది. 29వది సహాయము పొందు బడిలో మతము, జాతి, కులము, భాష కారణముగ ఎవరికిని ప్రవేశము నిరాకరింపరాదన్నది. 30వది, అల్పసంఖ్యాకుల యాజమాన్యమున నున్నదను కారణముచేత గ్రాంటులో భేదము చూపరాదన్నది. అయితే గ్రాంటు పొందుట హక్కా, దయా యను ప్రశ్నకు రాజ్యాంగము సూటిగ బదులు చెప్పలేదు.

ఆ ప్రశ్న కేరళమున పైకి వచ్చినది. అచట యాజమాన్యములు పూర్తిజీతమునకు సంతకము పెట్టించుకొని తక్కువ యిచ్చుచున్నవని ఉపాధ్యాయుల ఫిర్యాదు చిరకాలముది. 1957లో విద్యామంత్రి జోసెఫ్ ముండశ్శేరి తెచ్చిన బిల్లు, సహాయము పొందు బడుల జీతములను సర్కారే నేరుగ చెల్లించుటకును, వసూలైన రుసుములను సర్కారు పుచ్చుకొనుటకును, ఉపాధ్యాయులను పబ్లిక్ సర్వీసు కమీషను జాబితానుండి నియమించుటకును ఏర్పాటు చేసినది. కొన్ని సందర్భముల బడులను వశపఱచుకొను నధికారము కూడ నందున్నది. రాష్ట్రపతి దానిని సుప్రీముకోర్టు అభిప్రాయమునకు పంపగా, 1958 మే 22న కోర్టు చెప్పిన సారమిది: ఉపాధ్యాయుల రక్షణకును, బడి చక్కగ నడచుటకును తగిన షరతులు పెట్టవచ్చును, రాజ్యాంగమిచ్చిన హక్కును వదలుకొన్నగాని గ్రాంటు ఈయమనుట చెల్లదు. మఱుసటియేట ఉద్యమము చెలరేగి, జూలై 31న ఆ మంత్రివర్గమే తొలగింపబడినది. మంత్రులు పోయినను, ఉపాధ్యాయునకు జీతము నేరుగ చెల్లించు పద్ధతి నిలిచినది. సహోపాధ్యాయుల యిండ్లలో దీనివిలువ యెంతో నేను వేఱుగ వ్రాయనక్కరలేదు.

ఈ సందర్భమున ఇంగ్లండువారి 1944 చట్టము నొకసారి చూడవలెను. మతసంఘముల బడులకు వారు రెండు త్రోవలు చూపిరి. ఒకటి సహాయబడి: నియామకములలోను మతబోధలోను యాజమాన్యపు మాట చెల్లును, కాని కట్టడముల మార్పునకును వెలుపలి మరమ్మతునకును సగము ఖర్చు యాజమాన్యమే పెట్టుకొనవలెను. రెండవది అదుపుబడి: ఖర్చంతయు ప్రజల సొమ్మే, పెత్తనమును అటులనే చాలవఱకు ప్రజాసంస్థదే. రెండింటను ఉపాధ్యాయుల జీతములును, నిత్యవ్యయమును స్థానిక విద్యాధికారులవే. ఉన్నత పాఠశాలలలో రుసుము లేదు. యాజమాన్యపు స్వేచ్ఛకు వెల గోడలమీద పడినదేగాని, లోపల కూర్చున్న బిడ్డమీద పడలేదు. ఆ సగము భాగమును గూడ తరువాతి చట్టములు తగ్గించుచు వచ్చి, నేటికి పదింట ఒకవంతు చేసినవి. ఆ దేశమున గ్రామరు బడులకును తక్కిన బడులకును భేదము లేకపోయెనని నేననను. అదియొక పెద్ద కథ. అయినను, బిడ్డకగు నిత్యవ్యయమును బడిజాతితో ముడిపెట్టరాదన్న యీ విభజన మనము గ్రహింపదగినది.

మన విషయమునకు వత్తము. పూర్వపు జిల్లాబోర్డు హైస్కూళ్లు 1959 తరువాత జిల్లాపరిషత్తుల క్రిందికి వచ్చినవి. 1971లో నల్లగొండజిల్లా సర్వేలున తొలి గురుకుల పాఠశాల వెలసినది. 1986 నాటి విద్యావిధానముతో నవోదయ విద్యాలయములు వచ్చినవి. 2004లో కస్తూరిబా బాలికా విద్యాలయముల పథకము వచ్చినది. వీనిలో బిడ్డకగు వ్యయము దినపుబడిలోకంటె నెక్కువ. ఇది యన్యాయమని కొందఱందురు. నే నట్లనను. తినుటకును, పడుకొనుటకును చోటులేని పిల్లకు అన్నము పెట్టి చదువు చెప్పిన వ్యయము పెరుగక తప్పదు. 1882లో బాలికల బడులకు సులభపు షరతులు పెట్టవలెనన్న న్యాయమే యిది. నాకు కష్టముగ తోచునది ఎయిడెడ్ ఉన్నత పాఠశాలలోని బిడ్డ గతి. ఆ బిడ్డ కూలివానికే పుట్టినది. 2009లో ఉన్నతవిద్యకై కేంద్రము తెచ్చిన పెద్ద పథకమున మొదట సర్కారు బడులకును స్థానికసంస్థల బడులకును మాత్రమే చోటు కల్పించి, ఎయిడెడ్ బడులను వెలిగ నుంచిరి. మఱియొకవంక ఆ బడులలో విరమించినవారి స్థానములు చాలకాలము నింపబడక, ఒక్క పంతులు మూడు విషయములు చెప్పవలసిన దుస్థితి దాపురించినది.

2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎయిడెడ్ సంస్థలను త్రోవ యెంచుకొనుడని కోరినది. ఆస్తులతోగూడ సంస్థను ప్రభుత్వమునకు అప్పగించుట యొకటి. సర్కారు జీతపు సిబ్బందిని వెనుకకు పంపి, సహాయము లేని ప్రైవేటు సంస్థగ నడుపుకొనుట రెండవది. వ్రాతలో యాజమాన్యపు సమ్మతి యడిగిరి. పిల్లలతల్లిదండ్రుల సమ్మతి యెవరును అడుగలేదు. రెండవత్రోవ పట్టిన బడిలో రేపటినుండి రుసుము ఎంతయగునో యని భయపడి, విద్యార్థులును తల్లిదండ్రులును వీధికెక్కిరి. అనంతపురమున లాఠీలు కూడ లేచినవి. నవంబరులో ప్రభుత్వము మెమో పంపి, ఎయిడెడ్‌గనే యుండవచ్చుననియు, ఇచ్చిన సమ్మతిని వెనుకకు తీసికొనవచ్చుననియు తెలిపినది. కొన్ని సంస్థలు తీసికొన్నవి, కొన్ని తీసికొనలేదు.

ఇట్టి యుత్తరువు మరల వచ్చులోపల మన పాఠకులు చేయగల పని యొకటి కలదు. తమ జిల్లాలో జిల్లాపరిషత్తు బడి, పురపాలక బడి, ఎయిడెడ్ బడి, గురుకులము, వీనిలో ఒక్కొక్క బిడ్డపై ఏటికెంత వ్యయమగుచున్నదో, ఎన్ని ఉపాధ్యాయ స్థానములు ఖాళీగ నున్నవో 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద వ్రాసి యడుగవచ్చును. రుసుము గ్రామస్థాయిలో లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు. ఆపైని 10 రూపాయలు. సర్కారు సొమ్ముతో విశేషముగ నడచు ఎయిడెడ్ బడియు ఆ చట్టమునకు లోబడినదే. ముప్పది దినములలో బదులు రావలెను. ఆ యంకెలను ఒక్క కాగితముపై ప్రక్కప్రక్కన వ్రాసి, మీ బిడ్డ చదువుచున్న బడి యుపాధ్యాయసంఘపు సమావేశమున చదివి వినిపింపుడు.